వెన్నులో సూది: మందు పేరు ముఖ్యమా, మోతాదు ముఖ్యమా?

సిజేరియన్ అయి పదేళ్లు దాటిన ఆడమనిషికి నడుము పట్టేస్తే, "ఆ పొద్దు ఎన్నులో సూదేసినారు, ఆ నొప్పి ఇంగా పోలేదు" అనడం కర్నూలు, కడప పల్లెల్లో మామూలే. సూది గుచ్చినచోట రెండు మూడు రోజులు సలపడం నిజమే. ఏళ్ల తరబడి వేధించే నడుము నొప్పికి మాత్రం ఆ సూదే కారణమని పరిశోధనల్లో తేలలేదు. గర్భంతో వెన్ను మీద పడిన బరువు, కాన్పయిన కొద్దిరోజులకే మొదలయ్యే వంగుడు చాకిరీ అసలు ముద్దాయిలు. జనం సూదిని అనుమానిస్తుంటే, డాక్టర్ల వాదనంతా సూదిలోని మందు మీద నడుస్తోంది. బుపివకేనా, లెవోబుపివకేనా, రోపివకేనా, క్లోరోప్రొకేనా? వైద్య పత్రికల్లో, పీజీ థీసిస్‌లలో ఈ ప్రశ్న తిరిగి తిరిగి వస్తూనే ఉంది. ఇన్నేళ్ల చర్చలో తేలిందేమిటో, తేలనిదేమిటో, ఎండ మండే ఈ రెండు జిల్లాల థియేటర్లకు అందులో పనికొచ్చేదేమిటో చూద్దాం.

ముందు అసలు పని. రోగిని టేబుల్ అంచున కూర్చోబెట్టి, దిండును కావలించుకుని వీపు గూనిగా వంచమంటారు. రెండు తుంటి ఎముకల పైఅంచులను కలుపుతూ గీత గీస్తే అది దాదాపుగా నాలుగో నడుము పూస దగ్గర వెన్నును దాటుతుంది. పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ముగుస్తుంది కాబట్టి దాని కిందుగా మూడు, నాలుగు పూసల మధ్య సూది దింపుతారు. లోపలి తీగ (స్టైలెట్) లాగగానే సన్నటి సూది చివర తేటనీటి చుక్క ఒకటి మెల్లగా ఉబ్బుతుంది. అది వెన్నునీరు. ఆ చుక్క కనిపించాకే సిరంజి బిగిస్తారు. లోపలికి వెళ్లే మందు 2 నుంచి 3 మిల్లీలీటర్లు, అంతే. ముందు కాళ్లు వెచ్చబడతాయి, తర్వాత తిమ్మిరెక్కుతాయి, ఐదారు నిమిషాలకు "కాళ్లు ఉండాయో లేదో తెలీడం లేదు సార్" అనే మాట వస్తుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తొడ నుంచి పొట్ట మీదుగా పైకి తాకుతూ, చల్లదనం ఎక్కడ మొదలైందో అడిగి మత్తు ఎంతవరకు ఎక్కిందో చూస్తారు. ప్రోస్టేట్‌కు బొడ్డు దాకా ఎక్కితే చాలు. సిజేరియన్‌కు రొమ్ముల ఎత్తు దాకా కావాలి.

నరంలో సోడియం అయాన్లు లోపలికి దూకితేనే నొప్పి కబురు ముందుకు సాగుతుంది. ఈ కుటుంబంలోని మందులన్నీ ఆ సోడియం ద్వారాలను లోపలివైపు నుంచి మూసేస్తాయి. ముందు లొంగేవి రక్తనాళాలను బిగించి ఉంచే సన్నటి నరాలు, అందుకే నొప్పి పోయేలోపే బీపీ పడుతుంది. ఆ తర్వాత చలి, నొప్పి తెలియడం పోతుంది. కండరాలను ఆడించే లావు నరాలు ఆఖరున పడతాయి. మందుకీ మందుకీ ఉన్న తేడా అంతా ఈ మూసివేత ఎంత తొందరగా, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నదాంట్లోనే ఉంది.

1898 ఆగస్టులో జర్మనీలోని కీల్‌లో ఆగస్ట్ బీర్ ఈ పద్ధతిని కొకేన్‌తో మొదలుపెట్టాడు. కొద్దిరోజులకే తానూ, తన సహాయకుడు హిల్డెబ్రాంట్ ఒకరి మీద ఒకరు ప్రయోగం చేసుకుని, తర్వాత రోజుల తరబడి తలనొప్పితో మంచం పట్టారు. వెన్నుసూది తలనొప్పికి అదే తొలి రికార్డు. తర్వాత స్టొవేన్, ప్రొకేన్, సింకొకేన్ వచ్చాయి. 1947లో ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో ఒకేరోజు ఇద్దరు రోగులు, వూలీ, రో, వెన్నుసూది తర్వాత నడుము కింద పక్షవాతానికి గురయ్యారు. సింకొకేన్ ఆంప్యూళ్లను శుభ్రత కోసం ఫినాల్‌లో నానబెట్టారని, కంటికి కనపడని పగుళ్లలోంచి ఆ ఫినాల్ లోపలికి ఇంకిందని కోర్టు నమ్మింది. సూదులు, సిరంజిలు మరిగించిన పాత్రలో మిగిలిన ఆమ్లం వల్లనే అలా జరిగిందని తర్వాతి కాలపు నిపుణులు వాదించారు. ఏది నిజమైనా తప్పు మందుది కాదు, మందు చుట్టూ జరిగిన పనిది. ఆ కేసు దెబ్బకు బ్రిటన్‌లో డాక్టర్లు చాలా ఏళ్లు వెన్నుసూది జోలికే పెద్దగా పోలేదు.

కర్నూలు వైద్య కళాశాల మొదలైన 1956 నాటికి బుపివకేన్ పుట్టనేలేదు. స్వీడన్‌లో అది తయారైంది ఆ మరుసటి ఏడాది. కళాశాల మొదలయ్యేనాటికి లిగ్నోకేన్ మార్కెట్లోకి వచ్చి ఎనిమిదేళ్లయింది. గ్లూకోజ్ కలిపిన 5 శాతం లిగ్నోకేన్ హెవీ మన థియేటర్లలో చాలాకాలం చక్రం తిప్పింది. తొందరగా పట్టేది, గంట, గంటన్నరలో వదిలేది. దాని పీఠం కదిలింది 1990లలో. సన్నటి గొట్టాల ద్వారా పదేపదే లిగ్నోకేన్ ఎక్కించిన కొందరికి మలమూత్రాల అదుపు పోయిందని 1991లో అమెరికా నుంచి రిపోర్టులు వచ్చాయి. మరుసటి ఏడాదే అక్కడ ఆ గొట్టాలను నిషేధించారు. ఒక్క మోతాదు తీసుకున్నవారిలోనూ పిరుదులు, తొడల్లో రెండు మూడు రోజులు సాగే నొప్పి సుమారు ఏడుగురిలో ఒకరికి వస్తున్నట్టు తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. ఆ నొప్పి దానంతటదే తగ్గిపోతుంది, నిజమే. కానీ హెర్నియా బాగుచేయించుకుని వెళ్లినవాడు తొడనొప్పితో తిరిగొస్తే డాక్టరుకు ముఖం చెల్లదు కదా.

ఆ ఖాళీలోకి వచ్చి కూర్చుంది 0.5 శాతం బుపివకేన్ హెవీ. ఈరోజు ఆదోనిలో అయినా, ప్రొద్దుటూరులో అయినా థియేటర్ ట్రేలో మొదట కనిపించేది ఆ 4 మి.లీ. ఆంప్యూలే. ఒక్కో మిల్లీలీటరులో 5 మిల్లీగ్రాముల మందు, 80 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉంటాయి. గ్లూకోజ్ వల్ల అది వెన్నునీటి కన్నా రెండు శాతం దాకా బరువెక్కి, బెల్లం పానకం అడుక్కి దిగినట్టు పల్లానికి జారుతుంది. మనిషి వెల్లకిలా పడుకుంటే నడుము దగ్గర వెన్ను మెట్టగా, వీపు దగ్గర పల్లంగా ఉంటుంది. మందు ఆ పల్లంలోకి పారి ఆగుతుంది. మత్తును డాక్టరు కొంతవరకైనా చెప్పినచోట నిలపగలుగుతున్నాడంటే ఈ బరువు పుణ్యమే. ఒక పక్కకు పడుకోబెట్టి తక్కువ మోతాదు ఇచ్చి పది పదిహేను నిమిషాలు అలాగే ఉంచితే దాదాపు ఒక కాలికే మత్తు ఇవ్వొచ్చు. తుంటి విరిగిన ముసలివాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఇది ఏ కొత్త మందుకన్నా ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

బుపివకేన్‌కు చెడ్డపేరు తెచ్చింది గుండె. 1979లో అమెరికాలో జార్జ్ ఆల్‌బ్రైట్, ఈ మందు పొరపాటున రక్తంలోకి పోయినప్పుడు గుండె ఆగిపోయి, మళ్లీ కొట్టించడం కష్టమవుతోందని రాశాడు. 1984లో అక్కడ కాన్పుల్లో 0.75 శాతం వాడకాన్ని ఆపించారు. ఆ భయంలోంచే రోపివకేన్, లెవోబుపివకేన్ పుట్టాయి. బుపివకేన్‌లో అద్దంలో బొమ్మల్లాంటి రెండు రూపాల అణువులు సగం సగం ఉంటాయి. గుండెకు ఎక్కువ చేటు చేసే రూపాన్ని తీసేస్తే మిగిలేది లెవోబుపివకేన్. కంపెనీ ప్రతినిధులు దీన్ని వెన్నుసూదికి అమ్మేటప్పుడు "గుండెకు భద్రం సార్" అంటారు. ఇక్కడే ఆగి లెక్క చూడాలి. ఆల్‌బ్రైట్ చెప్పిన ప్రమాదాలు వెన్నుపొరకు బయట ఇచ్చే ఎపిడ్యూరల్‌లో, నరాల చుట్టూ చేసే ఇంజెక్షన్లలో వచ్చినవి. అక్కడ ఇచ్చేది 100 మిల్లీగ్రాములు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. వెన్నునీటిలో ఇచ్చేది 10, 15 మిల్లీగ్రాములు. అంత కొద్ది మందు మొత్తం రక్తంలో కలిసినా గుండెను ఆపే స్థాయికి చేరదు. వెన్నుసూదిలో గుండె నెమ్మదించినా, బీపీ పడినా కారణం మత్తు పైకి ఎక్కడమే, మందు విషం కాదు. కాబట్టి గుండె భద్రత పేరుతో ఎక్కువ ధర పెట్టి వెన్నుసూదికి లెవోబుపివకేన్ కొనడంలో అర్థం లేదు. బలంలో, వ్యవధిలో అది బుపివకేన్‌కు దాదాపు తోబుట్టువే. కొన్ని అధ్యయనాల్లో బీపీ కాస్త తక్కువ పడిందన్నారు, మరికొన్నింట్లో తేడా కనిపించలేదు.

రోపివకేన్ కథ వేరు. అది కొవ్వులో తక్కువగా కరుగుతుంది. అందుకే లావు నరాల్లోకి నిదానంగా చొరబడుతుంది, కాళ్ల కదలిక తొందరగా తిరిగొస్తుంది. గ్లూకోజ్ కలిపిన రోపివకేన్ హెవీ ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతోంది. అయితే పోలికలు చూసేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోవాలి. దాని బలం బుపివకేన్‌లో మూడింట రెండొంతులే. 10 మిల్లీగ్రాముల బుపివకేన్‌కు సాటి రావాలంటే 15 దాకా రోపివకేన్ కావాలి. చాలా అధ్యయనాల్లో ఇటు 15, అటు 15 ఇచ్చి, రోపివకేన్‌లో కాళ్లు తొందరగా కదిలాయి, బీపీ తక్కువ పడింది అని ముగిస్తారు. తక్కువ బలం ఇస్తే తక్కువ ప్రభావం రావడంలో వింతేముంది? ఆ బుపివకేన్‌నే 10 మిల్లీగ్రాములకు తగ్గించి ఉంటే ఏమయ్యేదో చూడాల్సింది. ఆ మూడో గ్రూపు మాత్రం ఎక్కడో అరుదుగా కనిపిస్తుంది.

ఇక చిన్న ఆపరేషన్లు. మొలలు, భగందరం, మోకాలిలో కెమెరా పని అరగంట, ముప్పావు గంటలో అయిపోతాయి. బుపివకేన్ మాత్రం మూడు గంటల పైన పట్టి ఉంచుతుంది. ఆత్మకూరు నుంచో జమ్మలమడుగు నుంచో తెల్లవారి బస్సుకు వచ్చినవాడు సాయంత్రం బస్సుకు వెళ్లాలనుకుంటాడు. కాళ్లు లేచినా ఒంటికి పోయడం రాదు, రాత్రికి మంచం, గొట్టం తప్పవు. ఇక్కడ క్లోరోప్రొకేన్‌కు నిజంగా చోటుంది. 1980లలో నరాలు దెబ్బతిన్నాయని దీన్నీ పక్కన పెట్టారు. అప్పటి సీసాల్లోని బైసల్ఫైట్, ఆమ్ల గుణాల మీదే అనుమానం ఎక్కువ. ఇప్పుడు నిల్వ మందు కలపని 1 శాతం ద్రావణం యూరప్‌లో, 2017 నుంచి అమెరికాలో అనుమతి పొందింది. 2011లో కెనడాలో జరిగిన పోలికలో 40 మిల్లీగ్రాముల క్లోరోప్రొకేన్ తీసుకున్నవారు, 7.5 మిల్లీగ్రాముల బుపివకేన్ తీసుకున్నవారి కన్నా గంటా పావు ముందే ఇంటికి వెళ్లడానికి సిద్ధమయ్యారు. కానీ మత్తు తొందరగా వదిలితే నొప్పీ తొందరగా మొదలవుతుంది. నొప్పి మాత్రలు ముందే వేసి, కోసినచోట మత్తుమందు ఎక్కించి పంపకపోతే ఆ రోగి బస్సులోనే విలవిల్లాడతాడు. సర్జన్ చెయ్యి నిదానమైతే అసలుకే మోసం. 40 నిమిషాలు దాటే పనికి ఈ మందు పనికిరాదు.

అసలు కన్నా కొసరు ముద్దు అన్నట్టు, మన దగ్గర పరిశోధనంతా ఇప్పుడు బుపివకేన్‌కు జతచేసే మందుల మీదికి మళ్లింది. 10 నుంచి 25 మైక్రోగ్రాముల ఫెంటనిల్ కలిపితే బుపివకేన్ తగ్గించుకోవచ్చు, మత్తు నాణ్యత పెరుగుతుంది. 100 మైక్రోగ్రాముల మార్ఫిన్ సిజేరియన్ తర్వాత దాదాపు ఒక రోజంతా నొప్పి తగ్గిస్తుంది. దురద పెడుతుంది, అరుదుగా ఊపిరి మందగిస్తుంది కాబట్టి రాత్రంతా కనిపెట్టి ఉండే నర్సు కావాలి. ఇవి మాదకద్రవ్యాల చట్టం కింద ఉన్నాయి. 1985 నాటి ఆ చట్టాన్ని 2014లో సడలించినా, రిజిస్టరు, తాళం వేసిన బీరువా, లెక్కలు అన్నీ ఉండాలి. ఆ బాధ పడలేని చిన్న నర్సింగ్ హోములు డెక్స్‌మెడిటోమిడిన్, నల్బుఫిన్ వైపు చూస్తున్నాయి. 5 మైక్రోగ్రాముల డెక్స్‌మెడిటోమిడిన్ మత్తును గంటల కొద్దీ సాగదీస్తుందన్నది చాలా అధ్యయనాల్లో తేలింది. వెన్నునీటిలో ఇవ్వడానికి దాని లేబుల్ మీద అనుమతి లేదన్నది అంతే నిజం. ఆ సంగతి రోగికి ఎంతమంది చెబుతున్నారు?

సీమకు ప్రత్యేకమైన సంగతులు మూడున్నాయి. మొదటిది తేలు. కోడుమూరులో శ్రావణ మాసం మూడో సోమవారం కొండలరాయుడి గుట్ట మీద జనం రాళ్ల కింద తేళ్లను పట్టి ఒంటి మీద పాకించుకుని దేవుడికి సమర్పిస్తారు. తేలు కుట్టని కాపు ఈ నేల మీద అరుదు. పదేపదే తేలు కుట్టినవారికి బుపివకేన్ వెన్నుసూది సరిగా పట్టడం లేదని 2012లో భారత ఎనస్థీషియా పత్రికలో మహారాష్ట్ర డాక్టర్లు ఒక పరిశీలన ప్రచురించారు. తేలు విషమూ పనిచేసేది ఆ సోడియం ద్వారాల మీదే కాబట్టి ఆలోచనలో తర్కం ఉంది. రుజువు ఇంకా బలంగా లేదు. సూది పట్టకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. మందు సగం బయటికే పోయి ఉండొచ్చు, సూది కొన ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉండొచ్చు. దీన్ని తేల్చడానికి కర్నూలు, కడపలకన్నా మంచి చోటు ఏముంది? తేలు కుట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, లేనివాళ్లు రోజూ ఒకే వార్డులో పక్కపక్కనే పడుకుని ఉంటారు.

రెండోది ఫ్లోరైడ్. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో ఎముకల ఫ్లోరోసిస్‌ను షార్ట్ బృందం వర్ణించింది. సీమ బోరు నీళ్లలోనూ చాలాచోట్ల ఫ్లోరైడ్ హద్దు దాటి ఉంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారి వెన్ను బిగుసుకుపోతుంది, పూసలను కలిపి ఉంచే లిగమెంట్లు గట్టిపడతాయి. అక్కడ ఏ మందు మేలన్నది కాదు, సూది దిగుతుందా లేదా అన్నదే సమస్య.

మూడోది ఎండ, దాహం. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో 42 డిగ్రీలు మామూలే. అలాంటి రోజున రాత్రి పది నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివ్వకుండా, మధ్యాహ్నం వంతు వచ్చేదాకా రోగిని ఎండబెడతారు. మత్తుకు రెండు గంటల ముందు దాకా మంచినీళ్లు తాగొచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు ఏళ్లుగా చెబుతున్నాయి. ఒంట్లో నీరు తగ్గిన మనిషికి వెన్నుసూది ఇస్తే బీపీ బావిలో రాయిలా పడుతుంది. ఆ నేరం బుపివకేన్ మీద రాసేస్తాం.

ఇప్పుడు థీసిస్‌ల సంగతి. ఎండీ విద్యార్థి థీసిస్ రాయడం తప్పనిసరి. రాష్ట్రంలోని ఏ వైద్య కళాశాల లైబ్రరీలోనైనా ఎనస్థీషియా బీరువా తెరవండి. ఒక మందుకు 30 మంది, ఇంకో మందుకు 30 మంది, మత్తు బొడ్డుకు చేరడానికి పట్టిన సమయం, అది వదులుతూ రెండు పూసల మేర కిందికి దిగడానికి పట్టిన సమయం. తేడా రెండు మూడు నిమిషాలు. అంకెల లెక్కలో అది ముఖ్యమైన తేడానే. టేబుల్ మీద పడుకున్నవాడికి అందులో ఒరిగేదేమీ లేదు. 30 మందిలో ఒక్కరికీ ఉపద్రవం రాకపోయినా, నిజమైన రేటు పది శాతం దాకా ఉండొచ్చని గణాంకశాస్త్రం చెబుతుంది. మరి "ఏ దుష్ఫలితాలూ లేవు" అన్న ఆఖరి వాక్యం దేనికి? తుంటి విరిగినవారికి వెన్నుసూదా, పూర్తి మత్తా అని తేల్చడానికి అమెరికా, కెనడాల్లో 46 ఆసుపత్రులు చేతులు కలిపి 1,600 మందిని చూశాయి. 60 రోజుల నాటికి చనిపోయినవారు, నడవలేకపోయినవారు కలిపి అటూ ఇటూ దాదాపు 18 శాతమే అని 2021లో ప్రచురించాయి. అది రోగికి అర్థమయ్యే ప్రశ్న. కర్నూలు, కడప, నంద్యాల కళాశాలలు మూడూ ఒకే పద్ధతి పెట్టుకుని, పీజీలందరి 60లనూ ఒకచోట పోస్తే రెండు మూడేళ్లలో వందలకొద్దీ రోగులవుతారు. అడగాల్సినవి కూడా వేరు: ఎప్పుడు లేచి నడిచాడు, ఒంటికి ఎప్పుడు పోశాడు, తలనొప్పి వచ్చిందా, ఇంటికి వెళ్లిన వారానికి ఏమన్నాడు.

తలనొప్పి మాటకొస్తే దానికి ఏ మందూ కారణం కాదు, సూదే. 2018లో లాన్సెట్‌లో వచ్చిన సమీక్షలో, కోసుకుపోయే మామూలు సూదులతో వెన్నునీరు తీసినప్పుడో మందు ఎక్కించినప్పుడో 11 శాతం మందికి, పెన్సిల్ మొన సూదులతో 4 శాతం మందికి తలనొప్పి వచ్చింది. ఖరీదైన మందుకు పెట్టే డబ్బు మంచి సూదికి పెడితే రోగికి ఎక్కువ లాభం. ప్యాకేజీ డబ్బుతో నడిచే ఆసుపత్రులు కూడా ఈ లెక్క వేసుకోవాలి. ఆంప్యూళ్లు ఒకేలా ఉండి, బుపివకేన్ అనుకుని ట్రానెక్సామిక్ ఆమ్లం వెన్నులోకి ఎక్కించి ప్రాణాలు పోయిన ఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై హెచ్చరిక జారీ చేసింది. రెంటినీ ఒకే ట్రేలో పెట్టకపోవడానికి ఖర్చేమీ కాదు.

నా తీర్పు ఇది. సిజేరియన్‌కు, తుంటికి, ప్రోస్టేట్‌కు, మామూలు హెర్నియాకు బుపివకేన్ హెవీనే చాలు. ఆంప్యూల్‌లో 4 మి.లీ. ఉన్నాయి కదా అని 3 మి.లీ. దాకా లాగకుండా, మనిషి ఎత్తునూ గర్భాన్నీ చూసి కొలిచి ఇవ్వాలి, దొరికితే కొద్దిగా ఫెంటనిల్ కలపాలి. అరగంట పనికి క్లోరోప్రొకేన్ తెప్పించుకోవడం మంచిదే. రోపివకేన్‌కు సరిసమాన మోతాదుతో పోటీ పెట్టాకే కిరీటం పెట్టాలి. లెవోబుపివకేన్ వల్ల వెన్నుసూదిలో నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు.

ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరు మీ మంచం దగ్గరికి వచ్చినప్పుడు తేలు ఎన్నిసార్లు కుట్టిందో చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ఆ చీటీ చూపించండి. ఇదివరకు వెన్నుసూది పట్టకపోయినా, తర్వాత తలనొప్పి వచ్చినా దాచకండి. నీళ్లు ఎన్ని గంటల దాకా తాగొచ్చో మీరే అడిగి తెలుసుకోండి.